విగ్రహానికి ఐలమ్మ.. తొట్టెలకు ఎందుకు వద్దు?

2009 డిసెంబర్‌లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు జమైన విద్యార్థులు, 2011 మార్చి 10న పోలీసు కంచెలు దాటుకొని ట్యాంక్‌బండ్ ఎక్కిన పిల్లలు, అదే ఏడు సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మెలో జీతం మాట మరిచి రోడ్డు మీద కూర్చున్న ఉద్యోగులు. ఆ తరానికి ఇప్పుడు పెళ్లిళ్లయినయి. పిల్లలు పుట్టిన్రు. తొట్టెలలో బిడ్డను వేసి, చెవిలో మూడుసార్లు చెప్పవలసిన పేరు కోసం వెతుకుతున్నది ఆ తరం.

రాష్ట్రం పేరు కోసం లాఠీ దెబ్బలు తిన్న తరం బిడ్డ పేరు దగ్గరికొచ్చేసరికి ఎందుకు వెనక్కి జరుగుతున్నది? ఈ వారం మేము అడుగుతున్న ప్రశ్న ఇది. చిన్న ప్రశ్నలాగా కనబడుతుంది. కానీ ఆత్మగౌరవం అనే మాటను పదేళ్లు మైకుల్లో అరిచిన మనం ఆ మాటకు ఇంట్లో ఇచ్చే విలువ ఎంతో తేల్చేది ఈ ప్రశ్నే.

ఏ పట్నం బడికైనా పోయి హాజరు పట్టీ చూడండి. రియాన్ష్, కియాన్, అయాన్ష్, హన్విక, శ్రీనిక, ఆద్య. ఎవరి బిడ్డ వారికి ముద్దు, ఎవరి బిడ్డ పేరూ తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. కానీ మల్లయ్య మనుమలు, ఎల్లవ్వ మనుమరాండ్లు కూర్చున్న ఆ గదిలో ఒక్క మల్లన్న లేడు, ఒక్క ఐలమ్మ లేదు, ఒక్క సమ్మక్క లేదు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే. ‘పాత పేరు పెడితే నోరు తిరగదు సార్.’

ఎవరి నోరు తిరగదు? ఊర్లె ఉన్న నాయినమ్మ నోరా? ఆమెకు కొమురయ్య అనడం వచ్చు, సారక్క అనడం వచ్చు. ఆమెకు రానిది రియాన్ష్ అనడం. ‘రియాంసు’ అంటే కోడలు నవ్వుతుంది, మనుమడు సరిచేస్తాడు. చివరికి ఆమె ‘చిన్నోడా’ అని పిలుచుకొని ఊకుంటది. అంటే నోరు తిరగని పేరు పెట్టడానికి మనకు అభ్యంతరమేమీ లేదన్నమాట. కన్నవాళ్ల నోరు తిరగకున్నా ఫరవా లేదు. రేపెప్పుడో గచ్చిబౌలిలోనో, డాలస్‌లోనో ఎదురయ్యే మేనేజరు నోరు మాత్రం తిరగాలె. ఇంకా కనబడని మేనేజరు కోసం కండ్ల ముందున్న నాయినమ్మను పక్కకు జరిపినం. ఇది ఉచ్చారణ సమస్య కాదు. ఎవరి నోటికి విలువ ఇస్తున్నమన్న సమస్య.

మన పేర్లు గాలికి వచ్చినవి కావు. అవి ఈ నేల పటం. ఓదెలు అని పిలిస్తే ఓదెల మల్లన్న గుడి యాదికొస్తది. కొమురయ్య, కొమురెల్లి అంటే కొమురవెల్లి. రాజయ్య, రాజవ్వ, రాజమల్లు అంటే వేములవాడ రాజన్న. యాదయ్య, యాదగిరి, యాదమ్మ అంటే గుట్ట. అంజయ్య అంటే కొండగట్టు. కుర్మయ్య, కురుమూర్తి అంటే పాలమూరు కొండలు. పోశం, పోశయ్య, పోశవ్వ అంటే ఊరి పొలిమేరలో కాపున్న పోచమ్మ. సమ్మయ్య, సారయ్య అంటే రెండేండ్లకోసారి కోట్ల మంది నడిచిపోయే మేడారం. అయినవోలును జనం ఐలోని అంటరు, ఐలయ్య, ఐలమ్మ పేర్లు ఆ ఐలోని మల్లన్నవేనని పెద్దలు చెబుతరు. ఒక మనిషి పేరు చెబితే అతని తల్లిదండ్రులు ఏ జాతరకు బండి కట్టిన్రో, ఏ దేవుని ముందర ముడుపు కట్టిన్రో తెలిసిపోయేది. చదువు రానోళ్లు రాసుకున్న చరిత్ర పుస్తకం అది.

ఆ పుస్తకంలో మతం గోడలు కూడా లేవు. నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో సైదులు, సైదమ్మ, జానయ్య, సైదిరెడ్డి అనే పేర్లు ఎంతమందికి ఉన్నయో లెక్కపెట్టండి. వీళ్లంతా హిందువులే. పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలు. సైదులు ఒక పీరు పేరు. దానికి రెడ్డి తోక తగిలించి రెండు తరాలు హాయిగా బతికినయి. గంగా జమునా తహజీబ్ అని మనం సభల్లో చెప్పే మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలె? దేవుళ్ల పేరు మీద మనుషులను విడదీసే రాజకీయం ఊర్లలోకి వస్తున్న ఈ రోజుల్లో సైదిరెడ్డి అనే పేరు ఒక పెద్ద ఉపన్యాసం కన్నా బలమైనది. ఆ పేరు పెట్టుడు మానేస్తే మనం పోగొట్టుకునేది పిలుపు ఒక్కటే కాదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలె. పలకరాకపోవడం వేరు, పలకబుద్ధి కాకపోవడం వేరు. మొదటిది నోటి సమస్య. రెండోది మనసు సమస్య. తెలంగాణ పల్లె పేర్లకు ఎదురైంది ఎక్కువగా రెండోదే. దొర నోట్లో ఎల్లయ్య ఎల్లిగాడు అయిండు, పోచయ్య పోచిగాడు అయిండు, మల్లవ్వ మల్లి అయింది. దొరకు అయ్య అనే మాట రాకనా? ఇంట్లో నాయినను అయ్యా అని పిలిచిన నోరే కదా అది! గడి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషి పేరు చివర ఆ రెండక్షరాలు పెడితే తన ఎత్తు తగ్గుతుందని భయం. 1946 నుంచి నడిచిన సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టి రద్దు కోసం అని చదువుకున్నం. మనిషిని పూర్తి పేరు పెట్టి పిలిపించుకోవడం కోసం కూడా జరిగిన పోరాటం అది. 1946 జులై 4న కడవెండిలో తూటా తగిలి పడిపోయింది దొడ్డి కొమురయ్య, కొమురిగాడు కాదు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురునిలిచి పండించిన గింజలు కాపాడుకున్నది చిట్యాల ఐలమ్మ, ఐలి కాదు. ఆ అయ్య, ఆ అమ్మ నెత్తురు పోసి గెలుచుకున్నవి. వాటిని మనమే పాతబడ్డయని తీసేస్తే దొర చేయలేని పని మనం చేసినట్టు.

దొర పోయిండు, కానీ పలకబుద్ధి కాని జబ్బు పోలేదు. అది బడిలోకి వచ్చింది. కిష్టయ్యను కృష్ణయ్య, లచ్చవ్వను లక్ష్మి, నర్సింలును నరసింహులు అని రిజిస్టరులో దిద్దడం పంతుళ్లకు పుణ్యకార్యం అయింది. తల్లి పెట్టిన పేరు తప్పట, పంతులు రాసింది ఒప్పట. సినిమాలోకి వచ్చింది. ఏండ్లకేండ్లు హీరో పేరు ఒక తీరు, ఇంట్లో పనిచేసేవాని పేరు, సారా కొట్టు రౌడీ పేరు ఇంకో తీరు. రెండో తీరు పేర్లు ఎక్కడివో, ఆ నోట్లో పెట్టిన యాస ఎవరిదో చెప్పనక్కర లేదు. హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో ‘నీ పేరేంది, యాదగిరా?’ అని నవ్విన నవ్వులు విన్న తరం ఇంకా బతికే ఉన్నది. ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో తెలంగాణ అనే మాటనే పలకొద్దని, వెనుకబడిన ప్రాంతం అనాలని సభాపతి స్థానం నుంచి ఆంక్ష వచ్చిందని ఉద్యమకారులు ఇప్పటికీ గుర్తు చేసుకుంటరు. నాలుగక్షరాల మాట, ఎవరి నోరూ తిరగనిది కాదు. పలకబుద్ధి కాలేదు, అంతే.

దీనికి మన పెద్దలు ఎట్లా జవాబు చెప్పిన్రు? తెలంగాణలో కవులు లేరన్న మాట వస్తే సురవరం ప్రతాపరెడ్డి వ్యాసం రాసి ఊకోలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మంది కవులను పేరు పేరునా నిలబెట్టిండు. లేరన్న నోటికి జవాబు పేర్ల జాబితా. ఇది మన పత్రికలకు ఆయన నేర్పిన పాఠం. పేరు ఉంటే మనిషి ఉన్నట్టు, మనుషులు ఉంటే జాతి ఉన్నట్టు.

మరి 2014 జూన్ 2 తర్వాత ఏం జరిగింది? పేర్ల విషయంలో సర్కార్లు చేసినవి తక్కువేం కాదు. వరంగల్‌లో ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరు పెట్టిన్రు. గోదావరి మీద బరాజ్‌కు సమ్మక్క పేరు పెట్టిన్రు. ములుగు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చేసిన చట్టంలో సమ్మక్క సారక్క పేరు చేరింది. సరళమ్మ అని దిద్దకుండా జనం పలికే సారక్క అనే మాటే ఢిల్లీ చట్టంలోకి ఎక్కింది. 2024 సెప్టెంబర్‌లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించిన్రు. ఉద్యమ కాలంలో మనం బండ్ల మీద అతికించుకున్న టీజీ అక్షరాలు రాష్ట్రం వచ్చినంక టీఎస్ అయి, 2024లో మళ్లీ టీజీ అయినయి. రెండక్షరాల కోసం పదేండ్లు పట్టింది.

అదే కాలంలో ఇంకోటి కూడా జరిగింది. యాదగిరిగుట్ట యాదాద్రి అయింది. 2016లో జిల్లాకు కూడా ఆ పేరే పెట్టిన్రు. గుట్ట అంటే నామోషీ, అద్రి అంటే గౌరవం అని ఎవరు చెప్పిన్రు? లక్షల ఇండ్లలో యాదగిరులు, యాదమ్మలు, యాదయ్యలు ఉన్నరు, యాదాద్రి అనే పేరున్న ముసలాయన ఒక్కడన్నా ఉన్నడా? వలస పాలకుల కాలంలో జరిగిన పని కాదిది. సొంత రాష్ట్రంలో, మన ఓట్లతో గెలిచినోళ్లు చేసిన పని. 2024 నవంబర్‌లో మళ్లీ యాదగిరిగుట్ట అనే ఉండాలని ముఖ్యమంత్రి ప్రకటించేదాకా ఆ ఊరు తన పేరు కోసం ఎదురుచూసింది. పరాయి పాలన పోయినంత సులువుగా పరాయి చెవి పోదు. మన మాటను మనమే అవతలివాని చెవితో విని, వానికి ఎట్లా వినబడుతుందో అని సిగ్గుపడే అలవాటు ఇంకా ఉన్నది.

మనం ఇతరుల పేర్లు ఎట్లా పలుకుతున్నమో కూడా చూసుకోవాలె. జోడేఘాట్ వీరుని పేరు మనం కొమరం భీం అంటం, కొమురం భీం అంటం. 2016లో ఏర్పడ్డ జిల్లా పేరు కుమురం భీం ఆసిఫాబాద్. గోండులను అడిగితే కుమ్రం అంటరు. అది వాళ్ల ఇంటిపేరు, వాళ్ల గోత్రానికి గుర్తు. 1940లో నిజాం సర్కారు తుపాకులకు ఎదురొడ్డిన మనిషి పేరు ఎనిమిది దశాబ్దాలు దాటినా మైదానం నోరు సరిగ్గా నేర్చుకోలేదు. మన పేరు వాళ్లు పలకరని గోస పడే మనం ఆదివాసీ పేరు, లంబాడా పేరు, ఉర్దూ పేరు మన నోట్లో ఎట్లా ఉన్నదో గమనించాలె. పేరుకు మర్యాద అడిగే హక్కు, ఇచ్చే బాధ్యత రెండూ ఒక్క తాడే.

ఇప్పుడు రెండో పక్కకు వద్దాం. కొత్త పేరు పెట్టే తల్లిదండ్రులందరూ సిగ్గుతో పెడుతున్నరని అనడం అన్యాయం. చాలామంది భయంతో పెడుతున్నరు. ఆ భయానికి లెక్కలు ఉన్నయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అర్హత ఉన్న దరఖాస్తులు పంపిన్రు, పేర్లు మాత్రం మార్చిన్రు. పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి అగ్రకుల హిందూ పేరుకు 1 అయితే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అమెరికాలో 2004లో బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ ఇట్లాంటి పరీక్షే చేస్తే తెల్లవాళ్ల పేర్లున్న దరఖాస్తులకు నల్లవాళ్ల పేర్లున్న వాటికన్నా 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చినయి. నోరు తిరగకపోవడం అక్కడ అడ్డం రాలేదు. పేరులో కులం కనబడ్డది, మతం కనబడ్డది, రంగు కనబడ్డది.

అందుకే మాల, మాదిగ, చాకలి, గొల్లకురుమ వాడల్లో ఒక తండ్రి తన బిడ్డకు పోశవ్వ అని కాకుండా హన్విక అని పెట్టుకుంటే అతన్ని ప్రశ్నించే ముందు మన నోరు మనం కట్టుకోవాలె. తన పేరు ఎన్ని గుమ్మాల దగ్గర ఆగిపోయిందో అతనికి తెలుసు. ఆ గుమ్మం బిడ్డకు అడ్డం రావొద్దన్నది అతని తండ్లాట. కంచ ఐలయ్య తన పేరు మార్చుకోకుండా దాన్ని పుస్తకాల మీద దేశమంతా తిప్పిండు, 2016లో దాని పక్కన షెపర్డ్ అనే వృత్తి పేరు కూడా చేర్చుకున్నడు. అది ఆయన ధైర్యం. ప్రతి కూలి తండ్రీ అదే ధైర్యం చేయాలని ఆదేశించే హక్కు సంపాదకీయాలు రాసేటోళ్లకు లేదు.

పాతది అయినంత మాత్రాన ప్రతి పేరూ వారసత్వం కాదన్నది కూడా ఒప్పుకోవాలె. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారన్నా బతకాలని బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసుకొని పెంటయ్య, పెంటమ్మ అన్నరు. దేవుని దగ్గర బిచ్చమడిగినట్టు బిచ్చయ్య, భిక్షపతి అన్నరు. ఆ పేర్లలో ఎన్ని తల్లుల ఏడ్పులున్నయో, మందు దొరకని పల్లెలెన్ని ఉన్నయో! ఆ కథను మరువొద్దు. కానీ ఆ పేరు మోసే మనిషి మార్చుకుంటానంటే అడ్డుపడొద్దు. మహారాష్ట్ర సతారా జిల్లాలో ఆడపిల్ల వద్దనుకొని నకుశా అని పేరు పెట్టిన 285 మంది బాలికలకు 2011 అక్టోబర్‌లో ప్రభుత్వమే కార్యక్రమం పెట్టి కొత్త పేర్లు ఇచ్చింది. అవమానించడానికి పెట్టిన పేరు వదులుకోవడం ఆత్మగౌరవమే. గౌరవంగా పెట్టిన పేరును అవతలివాని నవ్వుకు భయపడి వదులుకోవడం వేరు.

మరి ఎవరు మొదలుపెట్టాలె? మా సమాధానం సూటిగా ఉంటది. ఎవరికి ఖర్చు తక్కువో వాళ్లు. రాష్ట్రం వస్తే కుర్చీ దొరికినోళ్లు, కొలువు దొరికినోళ్లు, ప్రమోషన్ దొరికినోళ్లు, జాగ దొరికినోళ్లు. ఐలమ్మ విగ్రహానికి దండ వేసి ఫొటో దిగే ఎమ్మెల్యే తన మనుమరాలికి ఐలమ్మ అని పెట్టుకుంటే ఆ పేరును ఏ బడిలో ఎవరు నవ్వుతరు? గెజిటెడ్ అధికారి కొడుకు మల్లన్న అయితే, ప్రొఫెసర్ బిడ్డ సారక్క అయితే, డాక్టర్ ఇంట్లో కొమురయ్య ఉంటే ఆ పేరు బరువు తగ్గుతది. అప్పుడు కూలి ఇంట్లో మల్లన్నకు కూడా తోవ సాఫైతది. పేరుకు ఉన్న మచ్చను తుడిచే బలం అధికారం ఉన్నోని దగ్గర ఉన్నది. వాళ్లు మాత్రం పిల్లలకు సంస్కృత నిఘంటువులో వెతికి పేర్లు పెట్టుకుంటరు, పల్లె పేర్లు కాపాడే బాధ్యత పల్లెకే వదిలేస్తరు. బతుకమ్మ పాటలు పేదోళ్లు పాడాలె, వీళ్లు వేదిక మీద చూడాలె. ఇది వారసత్వం కాదు, ప్రదర్శన.

లోకం నేర్చుకోదన్న బెంగ కూడా అక్కర లేదు. అవసరం ఉంటే లోకం ఏ పేరైనా నేర్చుకుంటది. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే మన పిల్లలు మాంటెస్క్యూ అని తడబడకుండా అంటరు. మందుల దుకాణంలో పదో తరగతి చదివిన పోరడు అమోక్సిసిలిన్ అంటడు. హైటెక్ సిటీలో పనిచేసే మన బిడ్డలు కుబెర్నెటిస్ అనే గ్రీకు మాటను రోజుకు ఇరవై సార్లు పలుకుతరు. జీతం ఉన్న చోట నోరు తిరుగుతది. గౌరవం ఉన్న చోట కూడా తిరగాలె. 2020 అక్టోబర్‌లో కమలా హారిస్ పేరును ఒక సెనేటర్ ఎన్నికల సభలో కావాలని వంకరగా పలికితే, అమెరికాలో వేలమంది తమ పేర్ల అర్థం, పుట్టుక చెప్పుకుంటూ ఎదురు జవాబు ఇచ్చిన్రు. పేరు మార్చుకోండని ఆమెకు ఎవరూ సలహా ఇవ్వలేదు. పేరు నేర్చుకోండని ఆ సెనేటర్‌కు చెప్పిన్రు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ అనే మాట పలికినప్పుడు దాన్ని ఎవరూ మెత్తగా మార్చి ఇవ్వలేదు.

ఇంటి దగ్గర కూడా గాలి మారుతున్నది. ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం పేరు 2019లో సినిమా పేరే అయింది. పనివాని పేరు అనుకున్నది హీరో పేరయింది. 2023లో ‘బలగం’ సినిమాలో కొమురయ్య తాత కోసం, సాయిలు కోసం రెండు రాష్ట్రాల జనం కండ్లనీళ్లు పెట్టుకున్నరు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య 2022లో, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య 2024లో పద్మశ్రీలు అయిన్రు. రాష్ట్రపతి భవన్‌లో ఆ పేర్లు చదివినోళ్ల నోరు బాగానే తిరిగింది. ఇక తిరగాల్సింది మన మనసే.

అయితే ఉత్త ఆవేశంతో పేరు పెట్టి బిడ్డను గాలికి వదిలేయడం కూడా సరికాదు. పేరు పెట్టినోళ్లు దానికి కాపలా కూడా ఉండాలె. మొదటిది, కాగితం. చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలె. మన తొట్టెల కూడా ఇరవై ఒకటో రోజే కదా! పేరు ఖాయం కాకుంటే జననం నమోదు ఆపొద్దు, పేరు తర్వాత రాయించవచ్చు. ఏడాది లోపల రుసుము లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏండ్ల దాకా అవకాశం ఉన్నది. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరిక నుంచి ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడ్డ అక్షరమే జీవితాంతం వెంట వస్తది.

రెండోది, స్పెల్లింగ్. ముందుగాల తెలుగులో రాసుకోండి. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాలు ఒక్కసారి ఖాయం చేసి ఇంట్లో అందరూ అదే రాయండి. ఐలమ్మను ఒక దగ్గర ఐ తో, ఇంకో దగ్గర ఏఐ తో రాస్తే రేపు ఎస్సెస్సీ మెమో ఒక మనిషిది, ఆధార్ ఇంకో మనిషిది అయితది. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా వదలకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఆ ఉన్న ఒక్క పేరు ఇంటిపేరు గడిలోకి పోతది. పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతది. అంటే పేరు తెలియదు అని అర్థం. తాత పేరు పెట్టుకున్న బిడ్డ అమెరికాలో దిగేసరికి పేరు లేని మనిషి అయితడు.

మూడోది, కథ. పేరుతోపాటు దాని కథ ఇవ్వకుంటే బిడ్డకు మిగిలేది బరువే. ‘నీ పేరెందుకు ఇట్లున్నది’ అని తోటి పిల్లలు అడిగిన రోజు జవాబు బిడ్డ నోట్లో సిద్ధంగా ఉండాలె. సారక్క అంటే కాకతీయుల సైన్యంతో కొట్లాడిన తల్లి బిడ్డ అని ఐదేండ్ల పిల్లకు తెలిస్తే, నవ్వబోయిన పిల్లలు కథ వినడానికి దగ్గరికొస్తరు. పాత పేరును ఉన్నదున్నట్టే పెట్టాలని కూడా లేదు. ఐల, కొమురం, సార, మల్లి, ఓదెల్. మొదలు మనది అయితే చివర మార్చుకోవడంలో తప్పు లేదు. మన పెద్దలు కూడా మల్లన్నను మల్లయ్య, మల్లేశం, మల్లవ్వ, రాజమల్లు అని ఎన్ని తీర్ల మలిచిన్రో! ఒక్కటి మాత్రం వద్దు. ఇంట్లో పిలవడానికి పోశవ్వ, బయట చెప్పడానికి ఇంకోటి అనే రెండు నాలుకల ఏర్పాటు వద్దు. దాచిపెట్టి పిలిచే పేరు సిగ్గుపడ్డ పేరే.

నాలుగోది, బడి. తెలంగాణలో బడులన్నిటిలో తెలుగు బోధన తప్పనిసరి అని 2018లో చట్టం చేసుకున్నం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నం. ఆ రోజు ఉపన్యాస పోటీలు, దండలు, శాలువాలు కాస్త తగ్గించి, ప్రతి పిల్ల తన పేరు ఎక్కడిదో ఇంట్లో అడిగి వచ్చి తరగతిలో చెప్పే పద్ధతి పెట్టండి. రియాన్ష్ కూడా చెప్పాలె, కుమ్రం కూడా చెప్పాలె, భూక్యా కూడా చెప్పాలె, సైదులు కూడా చెప్పాలె, ఫాతిమా కూడా చెప్పాలె. టీచర్లు హాజరు పిలిచేటప్పుడు ఏ పేరూ దిద్దకుండా, ఏ పేరు దగ్గరా నవ్వకుండా పిలిస్తే చాలు. ఉద్యమంలో ముందు నడిచిన ఉపాధ్యాయ సంఘాలకు ఇది పెద్ద పని కాదు.

నోరు తిరగని వాళ్లకు నేర్పుదాం. ఓపికగా, రెండుసార్లు, మూడుసార్లు చెబుదాం. వాళ్ల మీద కోపం లేదు. పలకబుద్ధి కానోళ్లకు మాత్రం తగ్గొద్దు. తెలంగాణ అని పలకనన్న నోళ్లతోనే తెలంగాణ అని పలికించుకున్న జనం మనం. ఒక రాష్ట్రం పేరు పలికించుకోగలిగిన తరానికి ఒక బిడ్డ పేరు పలికించుకోవడం కష్టమా?

విగ్రహం మాట్లాడదు. యూనివర్సిటీ బోర్డు నడవదు. పేరు బతకాలంటే దాన్ని ఎవరో ఒకరు పొద్దున లేచి పిలవాలె, ఇంకెవరో ‘ఆ, వస్తున్న’ అని పలకాలె. ఐలమ్మ పేరు దండల మధ్య కాకుండా బడి మైదానంలో, క్రికెట్ ఆటలో, ఇంటర్ ఫలితాల్లో, ఉద్యోగ నియామక పత్రంలో వినబడ్డ రోజు రాష్ట్రం మన ఇండ్లలోకి కూడా వచ్చినట్టు.

జై తెలంగాణ!